బందెలదొడ్డి వారి వంశం

క్లిఫర్డ్ పిండర్ రోజూ పొద్దున్నే, టీ కూడా తాగకముందే, తాళంచెవి పట్టుకుని బందెలదొడ్డి దగ్గరికి వెళ్తాడు. తాళం తీస్తాడు. ఇనుపగేటు మూలుగుతూ తెరుచుకుంటుంది. లోపలికి ఒక అడుగు వేసి నాలుగు మూలలా చూస్తాడు. దురదగొండి మొక్కలు, ఒక రాతి తొట్టి, ఒక్కోసారి గాలికి కొట్టుకొచ్చిన చిప్సు పొట్లం. పశువు మాత్రం ఉండదు. మళ్ళీ గేటు మూసి, తాళం వేసి, ఒకసారి లాగి చూసి, దారిన పోయేవాళ్ళు ఎవరుంటే వాళ్ళతో "ఖాళీ" అంటాడు. ఎవరూ లేకపోతే గేటుతోనే అంటాడు.

ఈ కథ మొదలయ్యేనాటికి ఆ దొడ్డికి తూర్పువైపు గోడ మోకాలెత్తుకి కూలిపోయి ఉండేది. కుంటి గొర్రె కూడా అవలీలగా దాటిపోగలదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే క్లిఫర్డ్ నొచ్చుకునేవాడు కాదు. తాళం తన బాధ్యత అనీ, గోడ ఊరి బాధ్యత అనీ చెప్పి, ఎవరి పని వాళ్ళు చేసుకుంటే దేశం బాగుపడుతుందనేవాడు.

మా ఊరు ఆస్కెల్‌బీ. యార్క్‌షైర్ గుట్టల మధ్య ఉంది. మనుషుల కంటే గొర్రెలు ఎక్కువ, గొర్రెల కంటే వాన ఎక్కువ. క్లిఫర్డ్ రిటైరయ్యేదాకా మా ఊరి నుంచి సంత ఊరికి బస్సు నడిపాడు. దారికి అడ్డంగా గొర్రె కనిపిస్తే చాలు, బస్సు ఆపి, దిగి, దాని చెవికున్న గుర్తు చూసి, అది ఎవరిదో తేల్చుకున్నాకే మళ్ళీ ఎక్కేవాడు. పరీక్షలకి పోయే పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్ళు అలా చూస్తూ కూర్చోవలసిందే. తిరిగి ఎక్కాక క్షమించమనేవాడు కాదు. ఇంటిపేరుకి ఒక ధర్మం ఉంటుందనేవాడు.

పిండర్ అంటే బందెలదొడ్డి కాపరి. పూర్వం ఈ ప్రాంతంలో పరాయి చేలో పడ్డ పశువుని పట్టి దొడ్లో పెట్టే మనిషిని అలా పిలిచేవారు, ఆ పిలుపే కొన్ని కుటుంబాలకి ఇంటిపేరై నిలిచిపోయింది. ఈ ముక్క క్లిఫర్డ్ బస్సెక్కిన ప్రతివాడికీ చెప్పాడు. అక్కడితో ఆగేవాడు కాదు. ఊళ్ళో మిగతా ఇంటిపేర్లన్నీ బయటికి లాగేవాడు. బేకర్ వాళ్ళని చూడండి, రొట్టె కూడా కొనుక్కునే తింటారు. స్మిత్ అంటే కమ్మరి, ఆ స్మిత్ గారికి గోడకి మేకు కొట్టాలంటే పక్కింటివాడు రావాలి. టేలర్ డాక్టరు ప్యాంటు అంచు ఊడిపోయి పిన్నీసుతో నిలబడింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు అన్నట్టుంది వీళ్ళ వ్యవహారం. ఇంటిపేరు చెప్పే పని ఇప్పటికీ చేస్తున్నవాడు ఈ చుట్టుపక్కల తానొక్కడేనట. ఆరువందల ఏళ్ళుగా, తండ్రి తర్వాత కొడుకు, ఒక్క తరం కూడా తప్పకుండా.

బస్సులో జనం కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. విసుగు పుట్టి చూస్తున్నారనుకునేవాడు ఆయన.

కాపరి పని నిజంగా ఉన్న పనే. మా ఊళ్ళో పాతకాలపు ఊరి కోర్టు ఇంకా బతికుంది. ఏటా శరదృతువులో ఒక మంగళవారం పబ్బు మేడ మీద జ్యూరీ పెద్దలు కూర్చుని ఆ ఏటికి ఊరి అధికారులని నియమిస్తారు. రొట్టె తూచేవాడు, పొగగొట్టాలు చూసేవాడు, బీరు రుచి చూసేవాడు, దొడ్డి కాపరి. జీతం లేదు. చివర్లో పశుమాంసం వేపుడు, ఊరవేసిన ఉల్లిపాయలతో భోజనం ఉంటుంది. బీరు పదవికి పోటీ ఎంత గట్టిగా ఉంటుందంటే, ఒక ఏడాది అన్నదమ్ములిద్దరు మాటలు మానేశారు. దొడ్డి కాపరి పదవికి పోటీ ఎన్నడూ లేదు. ఆ వంతు రాగానే కోర్టు పెద్ద లాఫ్టన్ తలెత్తకుండానే "పిండర్" అనేవాడు, క్లిఫర్డ్ లేచి ఇత్తడి పొన్ను వేసిన చేతికర్రని ఒక చేత్తో పెద్దల బల్ల మీద పెట్టి మరో చేత్తో తిరిగి తీసుకునేవాడు. దానికోసం ఆయన ముందురోజు పొన్ను తోముకునేవాడు.

అలాంటి ఊళ్ళోకి రోవెనా ఆకిన్ మూడు మేకలతో వచ్చింది.

షెఫీల్డ్‌లో పెరిగిన మనిషి. నలభై దాటాయి. ఉద్యోగం మానేసి మేకపాల చీజు చేసుకు బతుకుదామని వచ్చింది. మేకల్లో పెద్దదాని పేరు గ్లాడిస్. అది వచ్చిన వారానికే మిగతా రెంటినీ వెంటేసుకుని లాఫ్టన్ పెరట్లోకి దూరి, పోటీకని ఆయన కన్నబిడ్డల్లా పెంచుకుంటున్న ఉల్లికాడలని మొదళ్ళదాకా తినేసింది. లాఫ్టన్ ఒకప్పటి వకీలు. ఆయన ఫోను చేసింది పోలీసులకి కాదు, క్లిఫర్డ్‌కి.

ఆ ఫోను రాగానే క్లిఫర్డ్ టై కట్టుకున్నాడట. ఆయన భార్య మ్యూరియల్ చెప్పింది. దొడ్డికి పశువు వచ్చి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. చివరిసారి వచ్చింది ఒక గాడిద, అదీ దానంతటదే వచ్చింది. తుంటి నొప్పి లెక్కచేయకుండా మేకల్ని తోలుకొచ్చి, తొట్టిలో నీళ్ళు పోసి, తాళం వేసి, లాగి చూసి, యజమానికి కబురు చెప్పడానికి కర్ర పట్టుకుని రోవెనా ఇంటికి నడిచాడు. తలుపు తట్టి, పద్ధతి ప్రకారం విషయం మొదటి నుంచీ వివరించాడు. రోవెనా ఓపిగ్గా అంతా విని పక్కకి తప్పుకుంది. ఆమె వెనకాల పెరట్లో మూడు మేకలూ నిలబడి నములుతున్నాయి.

"గోడ దూకి ఉంటాయి పిండర్ గారూ," అందామె. "మీకంటే ముందే వచ్చాయి."

ఇంకొకరైతే తల దించుకునేవాళ్ళు. క్లిఫర్డ్ అక్కడే నిలబడి ఆమెకి నియమం అప్పజెప్పాడు. తప్పిపోయిన పశువు దొడ్డికొస్తే మేత వేయాలి, నీళ్ళు పెట్టాలి, మూడు సంతల్లో దండోరా వేయించాలి, ఏడాది మీద ఒక రోజు గడిచినా ఎవరూ రాకపోతే అది ఊరిది. "అది ఊరిదే. ఇంక మాట లేదు," అని ముగించాడు. ఎప్పుడూ అలాగే ముగించేవాడు. రోవెనా టీ ఇచ్చింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని ఊరిని ఆశ్చర్యపెట్టింది. దూకుతున్నవి నా మేకలు కాబట్టి గోడ కట్టాల్సింది నేనే అంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చడం ఎక్కడో నేర్చుకుని వచ్చింది. పడిన రాళ్ళన్నీ ఏరి, వానలో తడుస్తూ, తూర్పు గోడని నిలబెట్టింది. క్లిఫర్డ్ దారం పట్టుకుని నిలబడి, ప్రతి రాయి గురించీ అభిప్రాయం చెప్పాడు. గోడ పూర్తయ్యాక మేకలు ఆమె పెరట్లోంచి మళ్ళీ తప్పించుకున్నప్పుడు ఆయన వాటి వెంట పరిగెత్తలేక గుట్ట మీద కూలబడితే, రోవెనా వేళ్ళు నోట్లో పెట్టుకుని ఒక ఈల వేసింది. మేకలు నడుచుకుంటూ వచ్చి వాటంతటవే దొడ్లో చేరాయి. పిలిచేదీ ఆమే, పెట్టేదీ ఆమే, విడిపించుకుపోయేదీ ఆమే.

ఇంకేముంది, పబ్బులో ఎవరో నవ్వులాటకి అన్నారు, ఇక కాపరి కూడా ఆమే అయిపోతే ఒక మనిషి ఖర్చు తగ్గుతుందని. నాలుగు రోజుల్లో ఆ నవ్వులాట నిజమైన మాటైంది. కోర్టుకి పేరు కూడా వెళ్ళింది. రోవెనాకి పదవి మీద మోజు లేదు గానీ, వద్దని కూడా అనలేదు.

క్లిఫర్డ్‌కి నిద్ర పట్టలేదు. ఆయనకి పిల్లల్లేరు. బస్సు పోయింది, మోకాళ్ళు పోతున్నాయి, మిగిలింది ఆ కర్రా, ఆ తాళంచెవీ. అవి పోతే తను కూడా ప్యాంటు అంచు ఊడిన టేలరే. ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. పరుగులో ఆమెతో పోటీపడలేడు, గోడ కట్టలేడు, కానీ రక్తంలో ఆమె తనతో పోటీపడలేదు. షెడ్డులో కూర్చుని ఒక చెక్క పలక మీద బంగారు రంగుతో "పిండర్లు, ఈ ఊరి దొడ్డి కాపరులు, ఆరువందల ఏళ్ళుగా" అని రాశాడు. కింద తాత మైఖేల్ పేరు, తండ్రి పేరు, తన పేరు. పైన బోలెడు ఖాళీ వదిలాడు. ఆ పూర్వీకుల పేర్లు చెప్పడానికి సాక్షి కావాలి. ఊళ్ళో అందరికంటే పెద్దది హెట్టీ థాక్రే. తొంభై దాటాయి. ఆమె చేత కోర్టులో ప్రమాణం చేయించి అడుగుతానన్నాడు.

ఆ మాట వినగానే మ్యూరియల్ చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

ఆమె చేయగలిగినవన్నీ చేసింది. హెట్టీకి మెట్లెక్కడం కష్టమంది. క్లిఫర్డ్ కుర్చీలో మోసుకొచ్చే మనుషుల్ని కుదిర్చాడు. హెట్టీకి చెవుడంది. తను గట్టిగా అడుగుతానన్నాడు. హెట్టీకి మతిమరుపంది. వెంటనే ఆయన, బస్సులో టిక్కెట్లిచ్చే తన తండ్రి ఒకసారి చిల్లర తక్కువిచ్చిన సంగతి పోయిన వారమే హెట్టీ, ఏ ఏడాదో కూడా చెప్పి గుర్తుచేసిందన్నాడు. అసలు భయం వేరు. హెట్టీ ప్రతి ఆదివారం ప్రార్థనకి పోయే మనిషి. తలుపు దగ్గర సబ్బులమ్మేవాడికి కూడా ఇంట్లో లేనని అబద్ధం చెప్పించేది కాదు, ఉన్నాను గానీ నీ మొహం చూడబుద్ధి కావట్లేదని చెప్పించేది. అలాంటి మనిషి చేతికి బైబిలు ఇస్తే ఇంకేమన్నా ఉందా.

కోర్టు రోజు మేడంతా నిండిపోయింది. నేను మెట్ల దగ్గర పళ్ళేలు పట్టుకుని నిలబడ్డాను. కింద నుంచి మాంసం వేగుతున్న వాసన వస్తోంది. రొట్టె పదవి, పొగగొట్టాల పదవి గడిచాయి. బీరు పదవి పెద్ద వాదన తర్వాత గడిచింది. దొడ్డి కాపరి వంతు వచ్చింది. ఈసారి లాఫ్టన్ రెండు పేర్లు చదివి, ఎవరైనా చెప్పుకునేది ఉందా అన్నాడు. రోవెనా లేదంది. క్లిఫర్డ్ లేచి, పలక మీద కప్పిన దుప్పటి తీసి, సాక్షిని పిలవమన్నాడు.

"క్లిఫర్డ్, మాంసం మాడిపోతోంది. మాటగా చెప్తే సరిపోదూ?" అన్నాడు లాఫ్టన్.

"పద్ధతి పద్ధతే," అన్నాడు క్లిఫర్డ్.

గదిలో ఒక్కసారిగా అందరికీ తమ గ్లాసుల అడుగు చూడాల్సిన పని పడింది. హెట్టీని కుర్చీతో సహా ముందుకి తెచ్చారు. ఆమె బైబిలు మీద చెయ్యి పెట్టి, తీసి, మ్యూరియల్ వైపు చూసింది. మ్యూరియల్ కళ్ళు మూసుకుంది.

"హెట్టీ అత్తయ్యా," అన్నాడు క్లిఫర్డ్, గట్టిగా. "మా తాత మైఖేల్ కంటే ముందు ఈ ఊరికి దొడ్డి కాపరి ఎవరు?"

"మా తాత," అంది హెట్టీ.

క్లిఫర్డ్ చిరునవ్వుతో, ప్రశ్న సరిగా వినిపించలేదేమోనని మళ్ళీ అడిగాడు.

"వినిపించిందిరా నాయనా. నేను పెళ్ళి కాకముందు రాగ్ వాళ్ళ పిల్లని. మా తాత జొసయ్యా రాగ్ కాపరి. ఆయన నాన్నా కాపరే. ఈ ఊళ్ళో అంతకుముందు పిండర్ అన్న ఇంటిపేరే లేదు."

"మరి మా తాత ఎక్కణ్ణుంచి వచ్చాడు?"

"దొడ్లోంచి."

ఎవరూ నవ్వలేదు. హెట్టీ దాచుకోకుండా చెప్పేసింది. ఒక వసంతకాలం పొద్దున జొసయ్యా గేటు తెరిస్తే లోపల రాత్రి పట్టిన నల్లచెవుల ఆడపందీ, దాని పక్కన రొట్టెల బుట్టలో ఒక మగబిడ్డా ఉన్నారట. పంది బిడ్డని ఏమీ చేయలేదు, ఒత్తుకుని పడుకుని వెచ్చగా ఉంచింది. జొసయ్యా నియమం తప్పని మనిషి. దొడ్లో ఉన్నదాన్ని యజమాని వచ్చేదాకా బయటికి తీయకూడదని, బిడ్డని అక్కడే ఉంచి, పాలు తెచ్చి, గొడుగు పట్టుకుని నిలబడ్డాడట. ఆయన భార్య వచ్చి ఊరంతా వినపడేలా తిట్టి బిడ్డని ఎత్తుకుపోయింది. అయినా ఆయన మూడు సంతల్లోనూ దండోరా వేయించాడు. నల్లచెవుల పంది ఒకటి, బోడితల మగబిడ్డ ఒకడు, తమదన్నవాళ్ళు వచ్చి తీసుకుపోవలెను అని. పంది కోసం మర్నాడే వచ్చారు.

"పిల్లాడికి బాప్తిస్మం ఇప్పించేటప్పుడు ఇంటిపేరు ఏం పెట్టాలో తెలియలేదు," అంది హెట్టీ. "మావాళ్ళకి అప్పటికే ఇంటినిండా పిల్లలు, మా పేరు పెడితే అన్నీ పంచాలని మా మామ్మకి భయం. కాపరికి దొరికాడు కదా, పిండర్ అనండి అన్నారు. పెద్దయ్యాక జొసయ్యాకి ఓపిక తగ్గితే కర్ర వాడి చేతికిచ్చాడు. అంతే నాయనా. కాపరులు మేం. మీరు పట్టుబడినవాళ్ళు."

క్లిఫర్డ్ బంగారు రంగు పలక వైపు చూశాడు. గది వైపు చూశాడు. బస్సులో కిటికీలోంచి బయటికి చూసిన మొహాలే అన్నీ. అప్పటికి అర్థమైంది. ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి మ్యూరియల్ దగ్గర ఆగాడు.

"నీకూ తెలుసా?"

"పెళ్ళికి ముందే మీ అమ్మ చెప్పింది."

"బస్సులో వాళ్ళకి?"

"బస్సంతా తెలుసు క్లిఫర్డ్."

ఆయన కూర్చుండిపోయాడు. కింద వంటావిడ, ఇంకా ఎంతసేపని కేకేసింది. లాఫ్టన్, ఇక చెప్పుకునేది ఏమైనా ఉందా అని మెల్లగా అడిగాడు. క్లిఫర్డ్ లేచాడు. ఏడుస్తాడనుకున్నాను. ఆయన కోర్టువైపు కాక హెట్టీవైపు తిరిగాడు.

"మూడు సంతల్లోనూ దండోరా వేయించాడా? రెండిట్లో వేయించి ఊరుకోలేదు కదా?"

"మూడిట్లోనూ. మూడోదానికి వానలో నడిచి వెళ్ళి జ్వరం తెచ్చుకున్నాడు."

"ఎవరూ రాలేదు?"

"ఎవరూ రాలేదు. ఏడాది మీద ఒక రోజు అయ్యాక ఇదే గదిలో పెద్దలు కూర్చుని తేల్చారు."

"ఏమని?"

హెట్టీకి ఆ నియమం నోటికి వచ్చు. ఊళ్ళో ఎవరికి రాదు గనక. అయినా ఆమె చెప్పలేదు, ఆయన చెప్పాలని ఆగింది. క్లిఫర్డ్ కర్ర పొన్నుని బొటనవేలితో ఒకసారి తుడిచాడు.

"ఊరిదే," అన్నాడు. "ఇంక మాట లేదు."

అప్పుడు నవ్వారు, అందరికంటే ముందు హెట్టీ. క్లిఫర్డ్ నవ్వలేదు గానీ మొహం తేటపడింది. రక్తం సంగతి తీసిపారేయమని కోర్టుతో చెప్పాడు. రాగ్ గారు పనికొచ్చేవాడి చేతిలో కర్ర పెట్టారు కాబట్టి అదే పద్ధతన్నాడు. నడుచుకుంటూ వెళ్ళి కర్రని బల్ల మీద పెట్టాడు. ఏటా రెండో చేత్తో తిరిగి తీసుకునేవాడు కదా, ఈసారి రెండో చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అది చూడటం కొంచెం కష్టంగానే ఉంది.

రోవెనా కర్ర తీసుకుని, వెనక్కి తిరిగి ఆయన్ని అడిగింది. తను తెల్లవారుజామునే పాలు పితకాలి, చీజు చూసుకోవాలి, మరి పొద్దున్నే గేటు తీసి చూసేదెవరు?

"అది కాపరి పని కదమ్మాయ్."

"కాపరి చెప్తోంది. మీరు చూడండి."

క్లిఫర్డ్ ఆలోచించి, సరే చూస్తానన్నాడు. భోజనాలు వడ్డించారు. మాంసం నిజంగానే కాస్త మాడింది.

ఇంటికి పోయేదారిలో మ్యూరియల్‌తో పెద్ద గొడవే అయిందని విన్నాను. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆయన. నువ్వా పేరు చెప్పుకుని మురిసిపోతుంటే మొదట నోరు రాలేదు, తర్వాత మర్చిపోయానని ఆమె. ఊరు సంగతీ అంతే. మొదట జాలి, తర్వాత అలవాటు. మర్నాడు ఆయన షెడ్డులో కూర్చుని ఆరువందల ఏళ్ళని గీకేసి, పైన వదిలిన ఖాళీలో జొసయ్యా రాగ్ పేరు రాశాడు. చోటు ఇంకా మిగిలితే పందిని కూడా వేశాడు. చెవులు నల్లగా బాగా కుదిరాయి. బంగారు రంగు చాలక ఒళ్ళు మాత్రం గోధుమరంగులో ఉంది. ఆ పలక ఇప్పుడు పబ్బులో బీరు పంపుల పైన ఉంటుంది. కొత్తవాళ్ళకి ఆ కథ చెప్పేది ఆయనే. బేకర్ల జోలికీ స్మిత్‌ల జోలికీ ఇప్పుడు పోవడం లేదు. టేలర్ డాక్టర్ని మాత్రం వదల్లేదు.

ఇప్పుడు క్లిఫర్డ్‌కి డెబ్బై నాలుగేళ్ళు. తుంటికి ఆపరేషన్ అయింది. దొడ్డి కాపరి రోవెనా. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.